రెండుసార్లు చల్లిన పొలి

బాలకృష్ణ నాకు వరసకు బావ. ఆ వరస నేను కోరి తెచ్చుకున్నది కాదు. మా మేనత్త కడుపున పుట్టడమే అతను నాకు చేసిన మొదటి అన్యాయం. అతను నన్ను "బామ్మర్దీ" అని నోరారా పిలిచినప్పుడల్లా నాకు ఏదో ఒకటి పోతుంది. ఒకసారి జత ఎద్దుల్లో మంచిది పోయింది. ఒకసారి వార్డు మెంబరు సీటు పోయింది. ఇంకోసారి పిలిచిన పావుగంటకు చేతి గడియారం పోయింది. అతనే తీశాడని నేను అనను. ఆ పావుగంటలో మా ఇంటికి వచ్చిన మనిషి మాత్రం అతనొక్కడే.

ఊరంతా అతన్ని పెద్దమనిషి అంటుంది. పదేళ్లు సర్పంచు చేశాడు. తగవు తీర్చేటప్పుడు గొంతు పెంచడు, మధ్యలో మాట్లాడడు, తమలపాకు నములుతూ వింటాడు. అరిచేవాణ్ని పదిమంది చూస్తారు. ఊరుకున్నవాణ్ని ఎవరు చూస్తారు? ఆ ఆదివారం నేనూ చూడలేదు.

అది రెండువేల ఆరు ఎండాకాలం. నాకు ఇల్లందు, కారేపల్లి మధ్య తిరిగే కమాండర్ జీపు ఉండేది. గురువారం పాల్వంచ నుంచి ఒక ఇంజినీరు కుటుంబాన్ని తీసుకుపోయి హైదరాబాదులో బేగంపేట ఎయిర్‌పోర్టు దగ్గర దించాను. అంత దూరం నుంచి ఖాళీగా తిరిగి రావడమంటే డీజిలు మట్టిలో పోసినట్టే. అందుకని గేటు బయట నిలబడి, పోలీసులకు వినపడకుండా, దిగివచ్చేవాళ్లకు వినపడేటట్టు "ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం" అంటూ ఉన్నాను.

"ఏటి బాబూ, భద్రాచలం అంటన్నావు? రాములోరి గుడి కాడికేనా?"

చూస్తే యాభై ఏళ్ల మనిషి. ఇస్త్రీ చొక్కా, మేజోళ్ల మీద చెప్పులు, మెడలో పాస్‌పోర్టు సంచి. పేరు అప్పలసామి. మలేషియా మనిషి. వాళ్ల తాత సీకాకుళం వైపు నుంచి ఓడెక్కి రబ్బరు తోటల్లో పనికి పోయాడట. ఈయన లిఫ్టులు బాగుచేసే మేస్త్రి. దుబాయిలో కొత్త నౌకరీ దొరికింది, సోమవారం పొద్దున్నే చేరాలి. నేరుగా పోయే విమానం ఉన్నా, కావాలని హైదరాబాదులో దిగి మారే టికెట్టు కొనుక్కున్నాడు.

"మా నాయనమ్మ దీపం ఎట్టినప్పుడల్లా భద్రాద్రి రామయ్యా అనేది. ఆవిడ సూడనేదు, మా నాయన సూడనేదు. నానైనా సూద్దారని."

"చూద్దాం అన్నా, మూడు రోజులు తిప్పి మళ్లీ ఇక్కడే దించుత."

"ఇక్కడే దించాల, ఆదివారం సాయంత్రం ఆరింటికల్లా దించాల," అని సంచిలోంచి పాస్‌పోర్టు తీసి చూపించాడు. ఆరో తరగతితో బడి మానేసినవాణ్ని, నాకు ఇంగ్లీషులో అంకెలు తప్ప మిగతా ఏదీ రాదు. 72 అని ఉండటం మాత్రం కనపడింది.

"ఇది ఉండటానికి ఇచ్చిన వీసా కాదు బాబూ, దాటటానికి ఇచ్చింది. ట్రాన్సిట్ అంటారు, డెబ్బై రెండు గంటలే. ఇయాల రాత్రి పదింటికి ముద్రేసినారు. ఆదివారం రాత్రి పదింటికి నా కాలు ఈ నేల మీద ఉండకూడదు. తొమ్మిదింటికి నా ఇమానం."

"ఉంటే?"

"ఉంటే పోలీసు కచేరీ, జరిమానా. ఇమానం పోద్ది. సోమారం నౌకరీ పోద్ది. నా ఎనకాలే ఇద్దరు క్యూలో ఉన్నారు ఆ నౌకరీకి."

నేను నవ్వాను. మా వైపు చుట్టం మూడో రోజు బయల్దేరితే చెప్పులు దాచిపెడతారు. ఈ సర్కారు మూడో రోజుకు చెప్పులు చేతికిచ్చి పంపిస్తుందన్నమాట.

శుక్రవారం, శనివారం భద్రాచలం, పర్ణశాల అన్నీ తిప్పాను. గుళ్లో ఆ మనిషి ఏడ్చిన ఏడుపుకు పూజారి హారతి పళ్లెం రెండుసార్లు తిప్పాడు. శనివారం పొద్దుగూకే వేళ తిరిగి వస్తుంటే అన్నాడు, "మూడు రోజులూ ఓటల్లోనే తిన్నాను బాబూ. ఒక్క పూట తెలుగోళ్ల ఇంట్లో కూకుని తినాలనుంది."

దారిలోనే మా ఊరు. తీసుకుపోయాను. ఇది నా తప్పు, ఒప్పుకుంటాను. కోరిక అడిగినవాడిది, కోడి నాది, తప్పు కూడా నాదే.

మా ఆవిడ శారద జీపు చప్పుడుకే బయటకు వచ్చి, "అమ్మయ్య, టైముకు వచ్చినవ్," అంది. ఏ టైముకు అని నేను అడగలేదు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆమె నన్ను చూసి అమ్మయ్య అనడం అదే మొదటిసారి. దాన్ని ప్రశ్నలు వేసి పాడుచేసుకోవడం ఎందుకని ఊరుకున్నాను.

అప్పలసామి నాలుగుసార్లు వడ్డించుకుని తిని, ఇంటి వెనక చెలకలోకి, మా మెట్ట చేలోకి, పోయి నిలబడ్డాడు. "ఇదంతా నీదేనా బాబూ?" అని అడిగాడు.

అదే ఊళ్లో ఎవరైనా అడిగితే నేను కర్ర అందుకునే ప్రశ్న. ఆయన పైదేశపు మనిషి కాబట్టి విడమరచి చెప్పాను. మా ఊరు రోడ్డుకు ఒక పక్క ఉంటుంది. నా ఇల్లు రోడ్డుకు రెండో పక్క. ఇంటి వెనక చెలక, చెలక దాటితే వాగు. ఊరి పొలిమేర వాగు అని నేనంటాను. కాదు, పొలిమేర రోడ్డే అని బాలకృష్ణ అంటాడు. వాగు పొలిమేర అయితే చెలక మా ఊరిది, మా తాత పేరు మీద ఉంది. రోడ్డు పొలిమేర అయితే చెలక పక్క ఊరి శివారులోకి పోతుంది, అక్కడ సర్వే నంబర్లన్నీ బాలకృష్ణవి. పాత రాయి ఎప్పుడో వరదకు కొట్టుకుపోయింది. ఎవరి దగ్గరా సరైన కాగితం లేదు.

"మరి ఏటి రుజువు?" అన్నాడు.

"పొలి," అన్నాను.

ఏటా బొడ్రాయి పండుగ నాడు, అంటే ఊరి నడిబొడ్డున పాతిన రాయికి మొక్కే నాడు, డప్పులు కొట్టుకుంటూ, బలి నెత్తురు కలిపిన అన్నం ఊరి పొలిమేర పొడుగునా చల్లుకుంటూ పోతారు. పొలి ఎక్కడ పడితే అక్కడిదాకా ఊరు. పదిహేడేళ్లుగా పండుగ నాడు నేను కల్లుకుండతో వాగు ఒడ్డున నిలబడతాను. ఎండలో తిరిగేవాళ్లకు కల్లు కనపడితే కాళ్లు రోడ్డు మీద ఆగవు, వాగు దాకా వస్తాయి. పొలి వాగు ఒడ్డున పడుతుంది. అదే నా పట్టా.

అప్పలసామి మెచ్చుకున్నాడు. "మంచి కచేరీ ఎట్టినావు బాబూ," అన్నాడు.

ఆదివారం తెల్లవారగానే డప్పు చప్పుడుకు లేచాను.

"గదేంది శారదా?"

"బొడ్రాయి. శుక్రారమే చాటింపేసిండ్రు. నువ్వు గందుకే వచ్చినవనుకున్న."

కల్లు లేదు, కుండ లేదు. లుంగీ ఎగ్గట్టుకుని వాగు దగ్గరకు పరుగెత్తాను. నేను పోయేసరికే పొలి చల్లేవాళ్లు మా చెలక గట్టు మీద వరసగా నడుస్తున్నారు. అలవాటు పడిన కాళ్లు. కల్లు లేకపోయినా వాగు దారే పట్టాయి. "పొలో పొలి" అని అరుస్తూ ఒడ్డు పొడుగునా అన్నం చల్లుకుంటూ పోయారు. వెనక నడుస్తున్న బాలకృష్ణ ముఖం వేపాకు నమిలినట్టు ఉంది. నాకు కడుపు నిండింది. ఇంకో ఏడాది చెలక నాది.

ఇంటికి వచ్చి, వాకిట్లో మేజోళ్లు తొడుక్కుంటున్న అప్పలసామిని చూసినప్పుడు గాని నాకు రెండో సంగతి తట్టలేదు. పొలి చల్లాక పొద్దుగూకేదాకా గీత లోపలివాళ్లు బయటకు పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. పోయినవాడి వెంట ఊరి వానలు, పాడి, పంట పోతాయి. నా ఇల్లు గీత లోపల ఉంది. ఈయన నా ఇంట్లో ఉన్నాడు. ఇక్కడి నుంచి బేగంపేటకు ఆరున్నర గంటలు. పదకొండు దాటితే అంతే సంగతులు.

జీపు తీసి రోడ్డు మీదకు వచ్చేసరికి, వాగు కల్వర్టు దగ్గర రోడ్డుకు అడ్డంగా వేపమండలు కట్టిన తాడు ఉంది. తాడు పక్కన పీట వేసుకుని నాగక్క కూర్చుంది. మా ఊళ్లో అందరికంటే పెద్ద ముసలమ్మ. చేతిలో పేడ కలిపిన నీళ్ల చెంబు. తాడు దాటినవాడి నెత్తిన పోయడానికి.

"నాగక్కా, తాడు జర కిందికి వంచు. ఈయన్ని ఎయిర్‌పోర్టుల దించి వస్త."

"ఇల్లందు బస్సునే మర్లగొట్టిన పొద్దుగాల. డ్రైవరు దండం పెట్టి పోయిండు. నీ డొక్కు జీపెంత?"

"అర్జెంటు, నాగక్కా. విమానం ఉంది."

"పైనుంచి పోయేదేగా? గాల్లె పోయేటోళ్లను నేనేం ఆపుతలేను. ఎగురుమను."

అప్పలసామి జీపు దిగి దండం పెట్టాడు. పాస్‌పోర్టు తెరిచి ముద్ర చూపించాడు. ముసలమ్మ దాన్ని తలకిందులుగా పట్టుకుని శ్రద్ధగా చూసింది.

"ఏంది ఇది?"

"ఇది నాను ఈ దేశం దాటి ఎల్లిపోవటానికి ఇచ్చిన సీటీ అమ్మా. రాత్రి పదింటి లోపల ఎల్లిపోవాల."

"మా చీటీ ఏందంటే పొద్దుగూకేదాకా పోవద్దని. ఏది పెద్ద చీటీ?"

ఇంతలో జనం మూగారు. బాలకృష్ణ కూడా వచ్చి కల్వర్టు గోడ మీద కూర్చుని తమలపాకు నోట్లో పెట్టుకున్నాడు. గంట తొమ్మిది కావస్తోంది. నేను బతిమాలాను, తిట్టాను, మళ్లీ బతిమాలాను. నౌకరీ సంగతి చెప్పాను. ఒకడు, "ఎల్లుండి పోయి చేరితే జీతం కోస్తరా?" అన్నాడు. ఇంకొకడు, "ఆయన వచ్చిండని తెలిస్తే పొలి చల్లకముందే పంపేటోళ్లం గదా, చెప్పకుండ దాసిపెట్టినవ్," అన్నాడు.

అప్పలసామి చెమట తుడుచుకుని, పిల్లలకు పాఠం చెప్పినట్టు మెల్లగా మొదలుపెట్టాడు.

"అమ్మా, నాను ఒకపాలి ఇమానం మారటానికి ఒక దేశంలో పదకొండు గంటలు కూకున్నాను. ఆ దేశం వీసా నాకు నేదు. అయినా ఆళ్లు నన్ను ఏటీ అననేదు. ఎందుకంటే, దిగినోళ్లకి అద్దాల గది ఒకటుంటాది. దాని తలుపు దాటి బయటకు ఎల్తేనే ఆ దేశంలోకి ఎల్లినట్టు. గదిలో ఉన్నంతసేపు ఆ దేశంలో ఉన్నట్టు కాదు."

"కాళ్లు ఏడ పెట్టినవ్ మరి? గాల్లెనా?" అంది నాగక్క.

"నేల మీదే అమ్మా."

"ఆ నేల ఎవరిది?"

"ఆళ్లదే."

"వాళ్ల నేల మీద నిలబడి, వాళ్ల దేశంల లేకపోవుడేంది?"

"తలుపు దాటనేదు గదమ్మా."

"అన్నం తిన్నవా ఆడ?"

"తిన్నాను."

"ఒంటికి పోయినవా?"

"పదకొండు గంటలు కదమ్మా. ఎల్లాను."

"ఏ దేశంల పోసినట్టు అది?"

జనం పడీపడీ నవ్వారు. అప్పలసామి కూడా నవ్వాడు. నవ్వుతూనే గడియారం చూసుకుని నవ్వు ఆపేశాడు. తొమ్మిదిన్నర. పాస్‌పోర్టు తెరిచి ఆ ముద్రను మళ్లీ చదువుకున్నాడు. ఎవరూ చూడలేదు. నేను చూశాను, చూడకపోతే బాగుండేది.

అప్పుడు బాలకృష్ణ ఆకు ఉమ్మేసి లేచాడు.

"సారు చెప్పింది సబబుగనే ఉంది నాగక్కా. ఇంట్ల ఉన్నా ఊర్లె లేనట్టు ఉండొచ్చు. ఆ ఇల్లు గీత బయట ఉండాలె, అంతే." నా వైపు తిరిగాడు. "ఏమంటవ్ బామ్మర్దీ?"

ఆ మాట వినపడగానే నా చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. జేబులో ఏమీ లేదు. అతను చూస్తున్నది జేబు వైపు కాదు.

"నీ ఇల్లు ఊరి బయట ఉన్నట్టయితే, సారు ఊర్లెకు రానే లేదు. రానోన్ని పోవద్దనుడేంది? మర్యాదగ పంపొచ్చు."

"పొలి వాగు ఒడ్డున పడ్డది గదా బావా. అందరు చూసిండ్రు."

"తప్పు గీత మీద పడ్డది. కల్లు వాసనకు అలవాటు పడ్డ కాళ్లు. పెద్దలు ఒప్పుకుంటే సరిదిద్దుకోవచ్చు, రోడ్డు మీద మళ్లా చల్లుకోవచ్చు. కాని పెద్దలు ఎట్ల ఒప్పుకుంటరు? ఇంటాయన తన నోటితో చెప్పాలె. నా ఇల్లు, నా చెలక పొలిమేర బయట ఉన్నయి అని. బొడ్రాయి దిక్కు తిరిగి ఒక్క మాట."

"పొలి రెండుసార్లు చల్లుడు మా అత్త కాలంల కూడ లేదు," అని నాగక్క గొణిగింది.

"మీ అత్త కాలంల విమానాలు లేవు నాగక్కా."

అందరూ అవ్ అన్నారు. గట్లయితే బాగుంది అన్నారు. అప్పలసామి నా ముఖంలోకి చూస్తున్నాడు. రాత్రి నేను విడమరచి చెప్పిన పొలిమేర సంగతి ఆయనకు ఆ భయంలో గుర్తు లేదు. తాడు కిందికి దిగుతుందా లేదా, అంతే ఆయనకు కావాల్సింది.

"ఒక్క మాటే కదా బాబూ," అన్నాడు.

నేను చెలక వైపు చూశాను. గడియారం వైపు చూశాను. బావ ముఖం వైపు మాత్రం చూడలేదు, చూస్తే ఆ మాట వచ్చేది కాదు. నా అన్నం తిన్న మనిషి నా గుమ్మం వల్ల నౌకరీ పోగొట్టుకుంటే, నేను ఆ గుమ్మంలో కూర్చుని ఎట్లా తినాలి? ఇట్లాంటి మాటలు నాకు అన్నం తినేముందు తడితే ఎంత బాగుండు.

బొడ్రాయి వైపు తిరిగాను.

"నా ఇల్లు, నా చెలక పొలిమేర బయట," అన్నాను.

"వినపడలే బామ్మర్దీ."

రెండోసారి ఊరంతా వినేటట్టు చెప్పాను.

ఆ తర్వాత పని ఎంత జల్దీ జరిగిందంటే, వీళ్లకు ఇంత చురుకు ఉందని నాకు అప్పుడే తెలిసింది. పొలి గంప తెచ్చారు, డప్పు మోగింది, రోడ్డుకు ఊరి వైపు అంచు పొడుగునా అన్నం చల్లారు. కల్వర్టు దగ్గర తాడు విప్పి, ఊళ్లోకి పోయే సందు మొదట్లో కట్టారు. నాగక్క పీట కూడా అక్కడికి మార్చుకుంది. అప్పుడు మా ఇంటి గుమ్మంలోంచి శారద కేక వేసింది.

"ఏందయ్యా ఇది, పొలి నా ముందట నుంచి చల్లిండ్రు? నేను లోపలా, బయటా?"

"బయటనే, వదినా," అన్నాడు ఎవడో.

"మరి బలి యాట మాంసంల నా పోగు?"

"పొద్దుగూకినంక."

"పొద్దుగూకేదాకా నేనేడ ఉండాలె?"

"అద్దాల గదిల!" అని నాగక్క అరిచింది. ఊరు ఊరంతా నవ్వింది. శారద నవ్వలేదు. చీపురు నా వైపు ఎత్తి చూపించింది. నేను జీపు స్టార్టు చేశాను. బయటపడ్డాక అద్దంలో చూస్తే, ముసలమ్మ తాడు మీద నుంచి ఆకుదొప్పలో మాంసం పోగు శారదకు అందిస్తోంది. అంతవరకు మా ఊరి చట్టం మంచిదే.

పదకొండుకు పది నిమిషాలు తక్కువ. ఖమ్మంలో ఆగలేదు. సూర్యాపేటలో డీజిలుకు ఆగాను, టీకి ఆగలేదు. దారి పొడుగునా అప్పలసామి మా ఊరిని పొగిడాడు. ఎంత మంచి జనం, ఎంత బాగా నవ్విస్తారు, ఎంత తెలివైన పెద్దమనిషి. నేను గేర్లు మార్చాను.

అయిదూ ముప్పావుకు బేగంపేటలో దించాను. మాట్లాడుకున్న కిరాయి మొత్తం ఇచ్చి, నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నాను సానా దేశాలు దాటినాను బాబూ. ఎక్కడ సూసినా కాగితం, కాగితం మీద కాగితం. మీ ఊరోళ్లు ఒక్క మాటకి వదిలేసినారు."

"మా దగ్గర కాగితం అడగరన్నా," అన్నాను. "నోటి మాటే చాలు."

ఆయన లోపలికి పోయాడు. తలుపు దాటాక వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. సోమవారం నౌకరీలో చేరి ఉంటాడు. చేరలేదంటే మాత్రం నేను ఊరుకోను.

మంగళవారం బాలకృష్ణ పక్క ఊరి శివారు నక్షా చంకలో పెట్టుకుని, సర్వేయరును వెంటబెట్టుకుని వచ్చాడు. సర్వేయరు ఊళ్లోవాళ్లను పిలిచి అడిగాడు. అందరూ నిజమే చెప్పారు. "ఆయనే అన్నడు సారు, రెండుసార్లు అన్నడు." అబద్ధమాడే మనిషి ఒక్కడంటే ఒక్కడు దొరకలేదు మా ఊళ్లో, ఆ రోజు.

"ఇల్లు, వాకిలి ఉంచుకో బామ్మర్దీ," అన్నాడు బాలకృష్ణ. "నేనేం పరాయోన్నా?"

కొలత గొలుసు మా వాకిలి పక్క నుంచి, పెరటి బావి మధ్యలోంచి లాగారు. సర్వేయరు చెట్టు కింద కూర్చుని లెక్క కట్టి, కాగితం మీద నా వేలిముద్ర అడిగాడు. నాకు సంతకం వచ్చు, సంతకమే పెట్టాను. ఒక ఎకరం పదమూడు గుంటల చెలక, సగం బావి.